ప్రజ్ఞ – కొలత

బుద్ధి, మనీష, ధిషణ, ధీ, ప్రజ్ఞ, మతి – ఈ పదాలను అమరకోశం ఒకే వరుసలో పేర్చింది. ఆలంకారికులు మాత్రం వీటిని అంత సులువుగా ఒకటి చేయలేదు. కావ్యమీమాంసాకర్త రాజశేఖరుడు బుద్ధిని మూడు విధాలుగా విభజించాడు. గడచినదానిని స్మరించేది స్మృతి, వర్తమానాన్ని మననం చేసేది మతి, రానున్నదానిని గ్రహించేది ప్రజ్ఞ. సుమారు వేయేళ్ల నాటి ఈ విభజన కవిశిక్ష కోసం చేసినది. దీనిని నేటి మనోవిజ్ఞానశాస్త్రంతో సమానమని చెప్పుకొని మురిసిపోనక్కరలేదు. అయితే మానవుని తెలివి ఒకటా, అనేకమా అన్న ప్రశ్న ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. 20వ శతాబ్దిలో ఈ ప్రశ్న బడిగది దాటి న్యాయస్థానం దాకా వెళ్లింది.

1904లో ఫ్రాన్సు ప్రభుత్వం ఒక సంఘాన్ని నియమించింది. నిర్బంధ విద్య వచ్చిన తరువాత అన్ని రకాల పిల్లలూ బడిలో చేరారు. వారిలో వెనుకబడుతున్నవారిని గుర్తించి ప్రత్యేక బోధన అందించాలి. ఈ నిర్ణయాన్ని కేవలం ఉపాధ్యాయుని అభిప్రాయానికి విడిచిపెడితే, అల్లరి పిల్లవాడు కూడా మందబుద్ధుల లెక్కలో చేరే ప్రమాదం ఉన్నది. సంఘ సభ్యుడైన ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్ అనే వైద్యునితో కలసి 1905లో 30 అంశాలతో ఒక మాపనిని రూపొందించాడు. చిత్రంలోని వస్తువుల పేర్లు చెప్పటం, విన్న అంకెలను తిరిగి చెప్పటం, ఇచ్చిన మూడు మాటలతో వాక్యం కూర్చటం – అందులోని పరీక్షలు ఇటువంటివి. 1908లో ఆ అంశాలను వయస్సుల వారీగా అమర్చాడు. ప్రజ్ఞను బట్టను గజంతో కొలిచినట్లు కొలవలేమని, అది మార్పులేనిది కాదని బినే స్పష్టంగా హెచ్చరించాడు.

ఆయన 1911లో మరణించాడు. ఆ మరుసటి సంవత్సరమే జర్మనీకి చెందిన విలియం స్టెర్న్ మానసిక వయస్సును శారీరక వయస్సుతో భాగించాలని ప్రతిపాదించాడు. అమెరికాలో లూయీ టెర్మన్ 1916లో ఆ భాగఫలాన్ని 100తో హెచ్చవేశాడు. ఇదే ప్రజ్ఞాలబ్ధి. పదేళ్ల బాలుడు పన్నెండేళ్లవారి స్థాయిలో ఉంటే అతని ప్రజ్ఞాలబ్ధి 120, ఎనిమిదేళ్లవారి స్థాయిలో ఉంటే 80. లెక్క సులభం, నిర్దుష్టం. కానీ చేయూత కోసం పుట్టిన కొలత అక్కడ చెరగని ముద్రగా మారింది. హెన్రీ గొడార్డ్ ఈ పరీక్షలను న్యూయార్కు వద్ద ఎల్లిస్ ద్వీపానికి తీసుకొనిపోయాడు. అప్పుడే ఓడ దిగిన, ఆంగ్లం ఎరుగని వలసదారులను దుబాసీల సహాయంతో పరీక్షించి, బుద్ధిహీనులను ఏరుతున్నానని భావించాడు.

అంతకంటె దారుణం వర్జీనియా రాష్ట్రంలో జరిగింది. కేరీ బక్ అనే యువతి మానసిక వయస్సు తొమ్మిదేళ్లని తేల్చి, ఆమెకు సంతానం కలగకుండా శస్త్రచికిత్స చేయాలని అధికారులు నిర్ణయించారు. 1927లో అమెరికా సుప్రీంకోర్టులో ఎనిమిదిమంది న్యాయమూర్తులు దానిని సమర్థించారు. వ్యతిరేకించినవారు ఒక్కరే. తల్లి, ఆమె, ఆమె పసికూన – మూడు తరాలూ మందబుద్ధులేనన్నది వాదన. ఆ పసికూన వివియన్ 1931లో బడిలో బాగా చదివేవారి పట్టికకు ఎక్కింది. మరుసటి ఏడు జబ్బుచేసి మరణించింది.

ఇక సిద్ధాంతాల మాట. ఒక పరీక్షలో రాణించినవారు తక్కినవాటిలోనూ రాణించే మొగ్గు ఉన్నదని, వీటన్నిటి వెనుక ఒక సామాన్య కారకం ఉన్నదని ఇంగ్లండుకు చెందిన ఛార్లెస్ స్పియర్‌మన్ 1904లోనే చెప్పాడు. థర్‌స్టన్ 1938లో ఏడు ప్రాథమిక సామర్థ్యాలను పేర్కొన్నాడు. ఈ అనేకత్వాన్ని లోకప్రసిద్ధం చేసినవాడు హోవర్డ్ గార్డ్‌నర్. మెదడు దెబ్బతిన్న రోగులలో కొందరికి మాట పోయినా పాట పోలేదు. ఒక శక్తి నశించినా మరొకటి నిలిచిందంటే అవి వేరువేరు కావలెనని ఆయన ఊహ. భాష, తర్కగణితం, సంగీతం, ప్రాదేశిక జ్ఞానం, శరీర చాలనం, పరులను ఎరగటం, తన్ను తాను ఎరగటం – ఇలా ఏడు ప్రజ్ఞలను 1983లో ప్రతిపాదించి, తరువాత ప్రకృతి పరిశీలనను చేర్చాడు.

అష్టావధానం చూచినవారికి ఈ వివాదం కొత్తగా తోచదు. అవధాని నిషిద్ధాక్షరిని దాటుతూ పద్యం నడపాలి, గంటల లెక్క మరువరాదు, అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా బదులివ్వాలి, చివరకు పద్యాలన్నీ ధారణ చేయాలి. ఇవి పలు ప్రజ్ఞలా? ఒకే ప్రజ్ఞకు పలు ముఖాలా? సభలో కూర్చున్నవారికి రెండూ నిజమే అనిపిస్తుంది.

అనిపించటం వేరు, నిరూపణ వేరు. గార్డ్‌నర్ చెప్పిన శక్తులలో పెక్కు పరస్పర సంబంధం కలవేనని, కొన్నిటిని ప్రజ్ఞ అనటంకంటె నైపుణ్యం అనటమే సమంజసమని పలువురు శాస్త్రజ్ఞుల ఆక్షేపణ. ఆయనను మెచ్చుకొన్న కొన్ని బడులు మరొక పొరపాటు చేశాయి. 'ఇతడు సంగీత ప్రజ్ఞ కలవాడు, లెక్కలు రావు' అని పిల్లవానికి కొత్త చీటీ అంటించాయి. ప్రజ్ఞలు వేరు, అభ్యసన శైలులు వేరని గార్డ్‌నరే చెప్పవలసివచ్చింది.

బినే కొలతతో ఆగలేదు. వెనుకబడిన పిల్లల తరగతులలో ఒక ఆట ఉండేది. సైగ చేయగానే పిల్లలందరూ ఉన్నవారు ఉన్నట్లే బొమ్మలవలె నిలిచిపోవాలి, మళ్లీ సైగ చేసేవరకూ కదలరాదు. మొదట గందరగోళం, నవ్వులు. కొన్నాళ్లకు నిలకడ కుదిరేది. నిలకడ వచ్చిన తరువాతనే పాఠం మొదలు. ఈ అభ్యాసాలను గూర్చి ఆయన 1909లో ఒక గ్రంథంలో వ్రాశాడు. దేహానికి వ్యాయామం ఉన్నట్లే శ్రద్ధకు, స్మృతికి, సంకల్పానికి కూడా ఉన్నదని ఆయన విశ్వాసం.