షరియా ఫండ్‌లో డబ్బు పెట్టబోతున్న తమ్ముడికి

నాచారం

తమ్ముడూ,

'వడ్డీ ముట్టని ఫండ్ కదన్నా, మార్కెట్ పడినా దానికేం కాదంటున్నారు, నిజమేనా?' అని రాశావు. నీ ఈమాన్ కోసం ఆ ఫండ్ ఎంచుకుంటానంటే నాకు సంతోషమే. పడదన్న నమ్మకంతో మాత్రం ఎంచుకోకు.

ఆ ఫండ్ అనుసరించే షరియా సూచీలోంచి బ్యాంకులు, బీమా, మద్యం, పొగాకు కంపెనీలను తీసేస్తారు. ఆజామాబాద్‌లోని మన వజీర్ సుల్తాన్ టొబాకోకు కూడా అందులో చోటుండదు. అప్పులు హద్దు దాటిన కంపెనీలూ పోతాయి. నిఫ్టీ 50లో దాదాపు మూడో వంతు బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలదే. అంత వాటా తీసేశాక ఐటీ, ఫార్మా లాంటి వాటి బరువు పెరిగిపోతుంది.

అందుకే కాలాన్ని బట్టి నిఫ్టీ, షరియా సూచీల దారులు వేరవుతాయి. కరోనా ఏడాది 2020లో ఐటీ, ఫార్మా సూచీలు సగానికి పైగా పెరిగాయి, బ్యాంక్ నిఫ్టీ మాత్రం ఏడాది మొదట్లో ఉన్నచోటికి కూడా చేరలేదు. ఆ తర్వాత కథ తిరగబడింది. రిజర్వు బ్యాంకు 2022 మేలో 4 శాతం దగ్గరున్న రెపో రేటును పెంచుతూ పోయి, 2023 ఫిబ్రవరికి 6.5కు చేర్చింది. అప్పుల మీద వడ్డీ వెంటనే పెరిగింది, డిపాజిట్ల మీద నింపాదిగా పెరిగింది. బ్యాంకులు బాగుపడ్డాయి. ఆ లాభంలో షరియా మదుపరికి వాటా లేదు. అమెరికాలోనూ వడ్డీలు పెరిగి, అక్కడి కంపెనీలు ఖర్చు తగ్గించుకుంటాయన్న భయంతో నిఫ్టీ ఐటీ 2022లో నాలుగో వంతు పడిపోయింది. మన ఐటీ కంపెనీలకు పెద్దగా అప్పుల్లేవు. అయినా వడ్డీ దెబ్బ వాటి క్లయింట్ల మీదుగా వచ్చి తగిలింది.

ఇక మీ ఇంటి సంగతి. నువ్వు నాచారం పారిశ్రామికవాడలో, ఎగుమతి మందుల కంపెనీలో. మరదలు ఉప్పల్‌లో, ఐటీ ఆఫీసులో. రెండు జీతాలూ అమెరికా ఆర్డర్ల మీదే నడుస్తున్నాయి. పొదుపు కూడా ఐటీ, ఫార్మా షేర్లలోకే పోతే, అక్కడ మాంద్యం వచ్చినప్పుడు ఇక్కడ నీ ఓవర్‌టైమ్, ఆమె ఇంక్రిమెంట్, మీ ఫండ్ విలువ మూడూ ఒకేసారి తగ్గొచ్చు. నాకు అసలు బెంగ ఇదే.

ఫండ్ వాళ్లు నెలనెలా ఇచ్చే ఫ్యాక్ట్‌షీట్ తెరిచి, మొదటి పది కంపెనీల్లో ఐటీ, ఫార్మా ఎన్నో మరదలూ నువ్వూ కలిసి లెక్కపెట్టండి. పెట్టదలచుకున్నదంతా దాంట్లోనే పెట్టకండి, కొంత బంగారంలో ఉంచండి. సిప్ మొదలుపెట్టే ముందే, ఆరు నెలల ఇంటి ఖర్చు వడ్డీ రాని ఖాతాలో వేసి పక్కన పెట్టండి.

నీ అన్న