సంతకం పెట్టే ముందు షెవెక్‌ను చదువు

చిరంజీవి బంగారుతల్లికి,

కంపెనీ ఉద్యోగం గురించి నువ్వు రాసిన ఉత్తరం అందింది. జీతం, ఇల్లు, సొంత ల్యాబు అన్నీ బాగున్నాయి. వాళ్ల అనుమతి లేకుండా నీ ఫలితాలు బయటికి రాకూడదన్న షరతు దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఒప్పుకునే ముందు ఉర్సులా లె గ్విన్ 1974లో రాసిన ‘ది డిస్పొజెస్డ్’ నవల చదువమ్మా.

అందులో షెవెక్ అనే భౌతికశాస్త్రవేత్త ఉంటాడు. లె గ్విన్ తల్లిదండ్రులకు స్నేహితుడైన ఓపెన్‌హైమర్ ఛాయలు అతనిలో కొన్ని ఉన్నాయి. షెవెక్ పుట్టిన అనారెస్ పేద లోకం. అక్కడ డబ్బూ లేదు, ప్రభుత్వమూ లేదు. అయినా సాబుల్ అనే పెద్దాయన షెవెక్ పుస్తకం మీద తన పేరూ వేసుకుంటాడు. పుస్తకం వెలుగు చూడాలని షెవెక్ సరేనంటాడు. దాన్ని నేను తప్పుపట్టను. పేరు పంచుకోవడం వేరు, పనిని తాకట్టు పెట్టడం వేరు. అదే షెవెక్ కరవు రోజుల్లో, ఎవరి తిండి తగ్గించాలో జాబితాలు రాసే పని తన మీద పడితే, చేయలేనని వదిలేశాడు.

తర్వాత ఉర్రస్ అనే సంపన్న లోకం అతన్ని పిలిచి నెత్తిన పెట్టుకుంది. మంచి గది, నౌకర్లు, సన్మానాలు. కాలం గురించిన అతని సిద్ధాంతం అక్కడే పూర్తయింది కూడా. అందుకే సౌకర్యం చెడ్డదని నేననను. కానీ ఆ సిద్ధాంతంతో సాధ్యమయ్యే, లోకాల మధ్య క్షణంలో కబురు పంపగల విద్యను అక్కడి ప్రభుత్వం తన గుప్పిట్లోనే ఉంచుకోవాలనుకుంది. ఆ సంగతి అతనికి ఆలస్యంగా అర్థమైంది. ఎవరూ అతన్ని గొలుసుతో కట్టలేదు, మర్యాదతోనే కట్టారు. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది అదే. చివరికి అక్కడి నిరసన ఊరేగింపుపై కాల్పులు జరిగాక, భూలోకం రాయబార కార్యాలయంలో తలదాచుకుని, తన సిద్ధాంతం సమీకరణాలను అన్ని లోకాలకూ ఒకేసారి ఇచ్చేస్తాడు. ఇక వాటిని ఎవరూ సొంతం చేసుకోలేరు.

నీ పని అంత పెద్దది కాకపోవచ్చు. షరతు మాత్రం అలాంటిదే. ఫలితాలను ఎంతకాలం దాచాలో, ఆ తర్వాత ప్రచురించే హక్కు నీకు ఉంటుందో లేదో కాగితం మీద రాయించుకో. అలా రాసివ్వబోమని వాళ్లంటే ఆ ఉద్యోగం వదిలెయ్. చదువు అప్పు సంగతి మీ నాన్నా నేనూ చూసుకుంటాం. సంతకం పెట్టే ముందు ఒక్కసారి ఫోన్ చెయ్యి తల్లీ.

నీ పెద్దనాన్న