వానలెక్కలో “నేటివరకు వెరసి”

వాన పడిన దినమున ఎంత పడినదో మన సభ్యులలో పలువురు చెప్పగలరు. తొలకరి మొదలు నేటివరకు మొత్తమెంత పడినదని అడిగినచో చెప్పగలవారు అరుదు. ఆ లెక్కను వ్రాసికొను సులభమైన విధమును ఈ నెల వివరించుచున్నాము.

చెట్లకును గోడలకును దూరముగ ఆరుబయట వర్షమాపకము నుంచి, ప్రతిదినము ఒకే వేళ కొలత తీయవలెను. వాతావరణశాఖవారు ఉదయము 8-30 గంటలకు తీయుదురు. ఒక మిల్లీమీటరు వాన యనగా ఎకరమునకు సుమారు 4,047 లీటర్ల నీరు.

పుస్తకములో మూడు వరుసలు గీయుడు: తేది, నాటి వాన, నేటివరకు వెరసి. నిన్నటి వెరసికి నేటి వానను కూడిన నేటి వెరసి వచ్చును. మొదటినుండి మరల కూడ నక్కరలేదు. ఏడు దినములలో వరుసగా 12, 0, 8, 0, 0, 25, 0 మిల్లీమీటర్లు పడిన వనుకొందము. వెరసి 12, 12, 20, 20, 20, 45, 45 అగును. వారాంతమున రెండవ వరుసను విడిగా కూడి చూచినను 45 రావలెను. రానిచో కూడికలో తప్పు దొరలినదని గ్రహింపవలెను.

పిదప గళ్లకాగితముపై అడ్డముగ దినములను, నిలువుగ మిల్లీమీటర్లను గుర్తించి, ప్రతిదినపు వెరసికి ఒక చుక్క పెట్టి, చుక్కలను కలుపుడు. ఈ గీత ఎన్నడును క్రిందికి దిగదు. నిటారుగ లేచినచోట మంచి వాన. చదునుగ సాగినచోట బెట్ట. సగటు వర్షపు వెరసినికూడ అదే కాగితముపై వేరురంగుతో గీసినచో, ముందున్నామో వెనుకబడితిమో కంటికే కనబడును.

దీని ప్రయోజనమునకు 2023వ సంవత్సరమే సాక్ష్యము. దేశమంతటికి జూను మొదలు సెప్టెంబరు వరకు నెలవారీ సగటు వాన సుమారు 165, 281, 255, 168 మిల్లీమీటర్లు. ఆ యేడు సగటుకంటె జూనులో 9 శాతము తక్కువ, జూలైలో 13 ఎక్కువ, ఆగస్టులో 36 తక్కువ, సెప్టెంబరులో 13 ఎక్కువ పడెను. ఈ శాతములనుబట్టి మేము లెక్కింపగా, నెలాఖరుల వెరసి సుమారు 150, 467, 630, 820 అయినది. సగటు వెరసి 165, 446, 701, 869.

జూలై కడపట 21 మిల్లీమీటర్లు ముందున్న గీత, ఒక్క నెలలో 71 వెనుకబడినది. తుదిమొత్తము మాత్రము సగటులో 94 శాతము. ఆ యొక్క అంకెను చూచినవారికి కొరత స్వల్పముగనే తోచును. ఆగస్టు బెట్ట అందులో కనబడదు. పొట్టదశలో నీరందక తాలుపోయిన కంకికి, సెప్టెంబరు వాన మరల గింజ కట్టింపజాలదు.

దేశపు సగటు మన చేనికి సరిపోదు. కావున ప్రతిగ్రామమునకు దాని లెక్క దానికే యుండవలెను. సంఘపు కచేరీగోడపై ఇట్టి గీత యొకటి వ్రేలాడుచుండినచో, అది చదునగుచున్న దినములలోనే సభ్యులు మేల్కొని, చెరువునీటిని వంతులవారీగ ఎట్లు పారించుకొనవలెనో నిర్ణయించుకొనవచ్చును. పంట పోయినపిమ్మట మొత్తము తెలిసికొనుటకంటె, పైరు నిలిచియుండగనే వెరసి చూచుకొనుట మేలు.