నీట్ రాకపోతే బయాలజీ అయిపోయినట్టేనా?

గోదావరి జిల్లాల్లో బైపీసీ అంటే నీట్. సీటు రాకపోతే బీఎస్సీలో చేరి, తర్వాత బీఈడీ చూద్దాంలే అనుకుంటారు. బీఈడీలో తప్పేం లేదు. కానీ బయోటెక్నాలజీ, జువాలజీ, కెమిస్ట్రీ పిల్లలు మతిమరుపు జబ్బుల పరిశోధన వైపు కూడా ఓసారి చూడాలి.

ట్రెమ్2 జన్యువునే తీసుకోండి. మెదడులో చెత్త ఎత్తిపోసే మైక్రోగ్లియా కణాల పైపొర మీద ఉండే రిసెప్టర్‌కు మూలం ఇదే. అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ ముద్దలు తగలగానే ఆ రిసెప్టర్ డ్యాప్12 అనే ప్రోటీన్ ద్వారా కణం లోపలికి కబురు పంపుతుంది. ఆ కబురు ఫాస్ఫేట్ల మీద నడుస్తుంది, వాటిని అందించేది ఏటీపీ. 1929లో ఫిస్కేతో కలిసి కండరంలో ఏటీపీని కనిపెట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మన భీమవరంలో పుట్టినవారే!

230 అమైనో ఆమ్లాల ట్రెమ్2 ప్రోటీన్‌లో 47వ చోట ఆర్జినీన్ పోయి హిస్టిడీన్ వస్తే అల్జీమర్స్ ముప్పు సుమారు మూడు రెట్లు పెరుగుతుందని ఐస్‌లాండ్ జనాభాపై జరిగిన అధ్యయనం 2013లో వెల్లడించింది. మరి మనవాళ్ల జన్యువుల మాటేమిటి? జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది భారతీయుల సమాచారాన్ని 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. దాన్ని జల్లెడ పట్టాలంటే కోడింగ్ వచ్చిన బయాలజీ వాళ్లు కావాలి. నన్నడిగితే ల్యాబ్ పని కన్నా ముందు పైథాన్, స్టాటిస్టిక్స్ నేర్చుకోమంటాను.

జన్యువులతోనే కథ ముగియదు. హైదరాబాద్ నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించిన సువర్ణ అల్లాడి బృందం, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలవుతోందని 2013లోనే చెప్పింది. అంటే సైకాలజీ, భాషాశాస్త్రం చదివినవాళ్లకూ ఇక్కడ చోటుంది.

ఈ రాత్రే ఫోన్‌లో యూనిప్రాట్ సైట్ తెరిచి ట్రెమ్2 అని వెతకండి. పైసా ఖర్చు లేదు. 47వ అక్షరం ఎక్కడుందో చూసి, అది మారితే ఏమవుతుందో చదవండి. ఆసక్తి పుడితే ముందుకెళ్లండి, విసుగొస్తే ఇది మీ దారి కాదు.

ముందుకెళ్లాలంటే మొదట ఎమ్మెస్సీ చేయాలి. అందుకు ఐఐటీలకు జామ్, సెంట్రల్ యూనివర్సిటీలకు సీయూఈటీ-పీజీ, ఆంధ్రా, నన్నయ యూనివర్సిటీలకు ఏపీ పీజీసెట్ రాయాలి. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, ఇంట్లో “ఇంకెప్పుడురా ఉద్యోగం?” అంటారు. సీఎస్ఐఆర్ జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వస్తే నెలకు రూ.37,000, పైగా హెచ్ఆర్ఏ అని చెప్పండి. డిగ్రీ ఫైనలియర్‌లో ఉండగానే జామ్ రాయొచ్చు, పరీక్ష ఏటా ఫిబ్రవరిలో.