వేసవి ప్రయాణాలలో అలర్జీ: దురద ఎప్పుడు ప్రమాదం?

వేసవి సెలవులు రాగానే నగరంలోని తెలుగు కుటుంబాలు సొంత ఊళ్లకో, సముద్రతీరాలకో బయలుదేరుతాయి. అపార్టుమెంటులో పెరిగిన పిల్లలకు అక్కడి మామిడితోట, రొయ్యల వేపుడు, కొమ్మకు వేలాడే తేనెపట్టు అన్నీ కొత్తవే. హాని చేయని పదార్థాన్ని సైతం శరీరం శత్రువుగా భావించి ఎదురుతిరగడమే అలర్జీ.

మామిడికాయ తొడిమ తుంచగానే చిమ్మే సొన ఇందుకు చక్కని ఉదాహరణ. మామిడి, జీడిమామిడి, చాకలివారు బట్టలకు గుర్తు పెట్టడానికి వాడిన నల్లజీడి ఒకే కుటుంబపు చెట్లు. సొన తగిలిన కొన్ని గంటలకో, ఒకటి రెండు రోజులకో మూతి చుట్టూ, చేతులపై ఎర్రని పొక్కులు లేస్తాయి. ఇంత ఆలస్యంగా రావడం వల్లనే అసలు కారణం తోచక, పెద్దలు వేడి చేసిందని సరిపెట్టుకుంటారు. సొన తగిలినచోట వెంటనే సబ్బుతో కడగాలి. పండును కడిగి, తొక్క తీసి పెడితే చాలామందికి ఈ బాధ ఉండదు. గట్లమీద తెల్లని పూలతో కనిపించే వయ్యారిభామను పిల్లలచేత పీకించరాదు. చెమటకాయలు మాత్రం అలర్జీ కావు. చన్నీటి స్నానం, నూలుబట్టలు చాలు.

ఇవి బాధించేవే గాని ప్రాణాంతకాలు కావు. అనాఫిలాక్సిస్ అనే తీవ్ర అలర్జీ అలాంటిది కాదు. తేనెటీగ లేదా కందిరీగ కుట్టినా, రొయ్యలు, పీతలు, వేరుశనగ, జీడిపప్పు తిన్నా, కొన్ని మందులు వాడినా అది రావచ్చు. రొయ్యలలో అలర్జీ కలిగించే ప్రోటీను ఉడికించినా నశించదు. బాగా వేయించామన్న ధీమా పనికిరాదు.

కుట్టినచోట మాత్రమే వాస్తే భయం లేదు. కొద్ది నిమిషాలలో, లేదా ఒకటి రెండు గంటలలో ఒళ్లంతా దద్దుర్లు లేచి, వాటితోపాటు నాలుక వాపు, గొంతు బిగువు, పిల్లికూతలు, ఆగని వాంతులు, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే క్షణం ఆలస్యం తగదు. ఒక్కొక్కసారి దద్దుర్లు లేకుండానే ఊపిరి అందకపోవచ్చు. తెలుగు రాష్ట్రాలతోపాటు కర్ణాటక, తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలోనూ అంబులెన్సు సంఖ్య 108. దీనికి మందు తొడ కండరంలోకి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్. సిట్రిజిన్ మాత్ర దురదను తగ్గిస్తుందే గాని గొంతు వాపును ఆపలేదు. సున్నం, పసుపు రాస్తూ కూర్చుంటే విలువైన సమయం పోతుంది. కొండి చర్మంలో ఉంటే తక్షణం తీసివేయాలి. రోగిని నడిపించకుండా వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఆయాసం ఉంటే కూర్చోబెట్టాలి. తేరుకున్నా కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెట్టవచ్చు కనుక, వైద్యులు చెప్పేవరకు ఆసుపత్రిలోనే ఉండాలి.

మునుపు ఇలా జరిగినవారు ప్రయాణానికి ముందే వైద్యుని సంప్రదించి, పడని పదార్థం పేరును వెళ్లే చోటి భాషలో వ్రాసి ఉంచుకోవాలి. రొయ్యను కన్నడంలో సిగడి, తమిళంలో ఇరాల్, ఒడియాలో చింగుడి, మరాఠీలో కోళంబి అంటారు. ఎండురొయ్యల పొడి కలిపిన కూరలలో రొయ్య కంటికి కనిపించదు. హోటలులో వడ్డించకముందే అడగాలి.