దేవుణ్ణి అడగడం ఎలా? – ప్రార్థన కొండ పాఠం

ఈసారి గోడ పత్రికలో ప్రార్థన గురించి రాస్తున్నాను. మన గదిలో గుడికి పోయేవాళ్ళు వున్నారు, చర్చికి పోయేవాళ్ళు వున్నారు. పరీక్షలు వస్తే మాత్రం అందరం దేవుణ్ణి అడుగుతాం. అందుకని ఇది అందరికీ పనికొస్తుందని అనుకుంటున్నాను.

నేను అడిగిన పద్ధతి

నిజం చెప్తాను, నవ్వొద్దు. "దేవా, మా చెల్లెల్ని కూడా ఈ హాస్టల్లో చేర్పించు. చేర్పిస్తే నెల రోజులు కోడిగుడ్డు తినను" అని మొక్కుకున్నాను. చేర్పించకముందే తినడం మానేసినాను. నా గుడ్డు పక్కనామె తినేది. చెల్లెలు మాత్రం రాలేదు. అమ్మతో, నాయనతో కలిసి పీతలు పట్టేదానికి కాలవకి పోతానే వుంది. దేవుడికి నా మాట వినపడలేదేమో అని దుప్పటి కప్పుకొని ఏడ్చినాను. ఆ తర్వాతనే ఈ కథ తెలుసుకున్నాను.

ప్రార్థన కొండ కథ

అమెరికా బాప్టిస్టు మిషను వాళ్ళు 1840లో నెల్లూరు వచ్చినారు. చాలా ఏళ్ళు పనిచేసినా కొద్దిమందే చేరినారు. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చొని ఈ మిషను మూసేద్దామా అని కూడా మాట్లాడుకున్నారు.

1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలులో ఒక కొండ ఎక్కినారు. జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనే వుండేది. ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని మోకాళ్ళ మీద అడిగినారు. దాన్నే ఇప్పుడు ప్రార్థన కొండ అంటారు.

మరుసటి రోజే ఎవరూ రాలేదు. 11 ఏళ్ళు గడిచినాక 1865లో క్లౌ దొరగారు ఇండియా వచ్చినారు. 1866లో ఒంగోలు చేరినారు.

తర్వాత 1876 నుండి 1878 దాకా పెద్ద కరువు వచ్చింది. దాన్నే ధాత కరువు అంటారు. జనం ఆకలితో చచ్చిపోతా వుంటే క్లౌ దొరగారు ప్రార్థన ఒక్కటే చేసి కూర్చోలేదు. బకింగ్‌హాం కాలవలో సుమారు మూడున్నర మైళ్ళు తవ్వే కాంట్రాక్టు తీసుకొని కూలి ఇప్పించినారు. మన నాయనలు వలలు వేసేది ఆ కాలవలోనే. ఆయన తవ్వించిన చోటు వేరే, కాలవ అదే.

ఆ కాలంలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగితే ఆయన ఆపినారు. కూడు కోసం దేవుణ్ణి ఒప్పుకోకూడదని ఆయన ఆలోచన. సాయం పని అయిపోయినాకనే, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చినారు. వాళ్ళల్లో ఎక్కువమంది మాదిగలు.

నేను నేర్చుకున్నవి

1. దేవుడితో బేరం వద్దు. నేను గుడ్డు మానితే దేవుడికి ఏం లాభం? దాచకుండా కావాల్సింది అడిగితే చాలు.

2. ఇంకొకరి కోసం అడగడం మంచిది. లూకా సువార్త 11వ అధ్యాయంలో ఒకాయన అర్ధరాత్రి స్నేహితుడి తలుపు కొట్టి మూడు రొట్టెలు అడుగుతాడు. అవి ఆయనకి కాదు, ఇంటికొచ్చిన ఇంకో స్నేహితుడికి.

3. అడిగిందంతా దొరకదు. గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన బాధ తప్పించమని అడిగినాడు. తప్పలేదు. అయినా తండ్రి ఇష్టమే కానిమ్మన్నాడు. దొరకలేదంటే దేవుడికి మన మీద కోపం అని కాదు.

4. కొండ ఎక్కినవాళ్ళు కొండ దిగాల. దిగినాక చేతనైన పని చేయాల. పార పట్టాల.

ఇప్పుడు నా పార

మా చెల్లెలికి ఎనిమిదేళ్ళు. దానికి పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదు, కులం సర్టిఫికెట్ లేదు. నాయన రెండుసార్లు ఆఫీసుకి పోయినాడు. రేపు రా అన్నారంట. నాయనకి చదువు రాదు, మళ్ళీ పోవాలంటే భయపడతా వున్నాడు. నేను రాత్రుళ్ళు దేవుణ్ణే అడిగినాను గాని మనుషుల్ని ఎవర్నీ అడగలేదు. సిగ్గుపడినాను.

వార్డెన్ మేడం గారూ, ఈ ఆదివారం మా నాయన నన్ను చూసేదానికి వస్తాడు. దయచేసి అర్జీ ఎట్ల రాయాలో మాకు చెప్పండి. నేనే నా చేతితో రాస్తాను. మీరు ఒక్కసారి నాయనతో ఆఫీసుకి వస్తే ఆయనకి ధైర్యం వస్తుంది.

స్నేహితులారా! మీ ఇండ్లల్లో కూడా కాగితాలు లేక బడికి రాని పిల్లలు వుంటే వాళ్ళ పేర్లు నాకు చెప్పండి. అందరి అర్జీలు కలిపి రాద్దాం. రాత్రి ప్రార్థనలో వాళ్ళ పేర్లు కూడా చెప్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని