తెల్ల బేస్, నారింజ బేస్

అమ్మలూ,

నిన్న ఫోన్‌లో ఏడుపు దిగమింగుకుంటూ నువ్వు చెప్పిందంతా రాత్రి మళ్లీ తలుచుకున్నాను. సాఫ్ట్‌బాల్ మ్యాచ్ ఆరో ఇన్నింగ్స్, రెండు ఔట్లు, మూడో బేస్ మీద రన్నర్. షార్ట్‌స్టాప్ విసిరిన బంతి మొదటి బేస్ దగ్గర నీ గ్లౌవులో పడ్డాకే, బంతి కొట్టి పరిగెత్తిన పిల్ల కాలు బేస్‌కు తగిలిందంటావు. అంపైర్ సేఫ్ అన్నాడు, మూడో బేస్ రన్నర్ పరుగు చెల్లింది. ఆ ఒక్క పరుగుతోనే ఓడిపోయారు.

బంతే ముందు వచ్చి ఉండొచ్చు, నీ మాట నమ్ముతాను. కానీ అంపైర్ చూసేది బంతిని కాదు తల్లీ. మొదటి బేస్‌కు ఐదారు మీటర్ల దూరంలో నిలబడి, చూపు బేస్ మీద, చెవి గ్లౌవు మీద పెడతాడు. కాలు కనబడాలి, చప్పుడు వినబడాలి. పిల్లలంతా అరుస్తుంటే ఆ చప్పుడు పట్టుకోవడం ఎంత కష్టమో పదకొండేళ్లు అంపైరింగ్ చేసిన నాకు తెలుసు. ఏది ముందన్నది అతని నిర్ణయం. దాని మీద ప్రొటెస్ట్ చెల్లదు. రూల్‌ను తప్పుగా అమలు చేస్తేనే ప్రొటెస్ట్, అదీ తర్వాతి బంతి వేయకముందే.

నన్ను బాధపెట్టింది వేరే సంగతి. "నా కాలి పక్కనే తొక్కింది పెద్దనాన్నా, కొద్దిలో మడమ చితికేది" అన్నావు. నీ కాలు ఉన్నది తెల్ల బేస్ మీద. అంటే ఆ పిల్ల నారింజ బేస్ వదిలేసి నీ బేస్ తొక్కింది! మొదటి బేస్‌ను రెండు రంగుల్లో పెట్టిందే మీరిద్దరూ గుద్దుకోకూడదని. బంతి బేస్‌కు వస్తున్నప్పుడు రన్నర్ నారింజ వైపే తొక్కాలి. తెల్లది మాత్రమే తొక్కితే, ఆమె వెనక్కి వచ్చేలోపు మీరు అప్పీల్ చేస్తే ఔట్. మూడో ఔట్ కనుక పరుగూ చెల్లదు. బంతి నీ చేతిలోనే ఉంది. బేస్ తొక్కి, "సార్, రన్నర్ నారింజ బేస్ తొక్కలేదు, అప్పీల్" అంటే సరిపోయేది. అడగనిదే అంపైర్ తనంతట తాను ఔట్ ఇవ్వడు. నువ్వు చేతులూపుతూ వాదిస్తుండగా ఆ పిల్ల నడుచుకుంటూ వచ్చి బేస్ మీద నిలబడింది.

అంపైర్లూ పొరపడతారు. నేనూ ఒక జిల్లా పోటీలో బేస్‌కు మరీ దగ్గరగా నిలబడి, విసిరిన బంతి వెంటే చూపు పోనిచ్చి, ఔట్ అన్నాను. రన్నర్ జట్టు కెప్టెన్, నీ ఈడు పిల్ల, ఒక్కతే నడిచి వచ్చి, "సార్, ఫీల్డర్ కాలు బేస్ మీద నుంచి లేచింది. ప్లేట్ అంపైర్‌ను ఒకసారి అడుగుతారా?" అంది. అడిగాను. ఆయన చూశాడు. అందరి ముందూ నా నిర్ణయం మార్చుకున్నాను. జట్టంతా వచ్చి మూగి ఉంటే అడిగేవాణ్ణి కాదేమో. బెదిరిపోయిన మనిషి తన మాటనే గట్టిగా పట్టుకుంటాడు. నీలాంటి కెప్టెన్‌కు ఆ పిల్ల పద్ధతి రావాలని నా ఆశ.

ఆదివారం పొద్దున్నే వస్తాను. గ్లౌవు చెల్లికివ్వు, నారింజ బేస్ లేకపోతే ఏదైనా రంగు గుడ్డ పరుద్దాం. నేను బంతి విసురుతాను, మీ తమ్ముడు పరిగెడతాడు. నువ్వు అంపైర్ నిలబడే చోట నిలబడి ఇరవైసార్లు చెప్పు, ఔటో సేఫో.

మీ పెద్దనాన్న